కంచె పూసిన పెళ్ళి

మా అక్క పెళ్ళి కథ మా బంధువులందరికీ కంఠతా వచ్చు. ఎవరింటి పెళ్ళికి వెళ్ళినా, పూలబుట్ట దిగగానే ఎవరో ఒకరు నా వైపు తిరిగి మొదలుపెడతారు. "ఈమెకు పూలు సూపియ్యకుండ్రి. వీళ్ళక్క పెండ్లప్పుడు చామంతులకు నిద్ర లేకుంట చేసింది. అవి అలిగి పూయనే లేదు. పెండ్లికొడుకు మెడల ముండ్లదండ పడ్డది." అందరూ పగలబడి నవ్వుతారు. నేనూ కలిసి నవ్వాలని వాళ్ళ ఉద్దేశం. నేను నవ్వను.

చామంతులకు నిద్ర లేకుండా చేసిన మాట నిజం. మా బావ మెడలో ముళ్ళదండ పడిన మాటా నిజం. ఈ రెంటికీ నడుమ 'అందుకని' అని ఒక ముక్క అతికించారు చూడండి, అది పచ్చి అబద్ధం. ఇన్నేళ్ళుగా ఆ ముక్క మీదే నాకూ వాళ్ళకూ పేచీ.

మాది సంగారెడ్డికి అవతల, కొండాపూర్ వైపు ఊరు. ఇంటి వెనక తలుపు తీస్తే మా పొలమే. జొన్న, శనగ, కూరగాయలు, ఏది కావాలన్నా అందులోంచే. మా నాయనకు ఒక పట్టుదల ఉండేది: భూమి ఉన్నవాడు తినేదీ పెట్టేదీ కొనకూడదు. ఉప్పు కొనాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో చనిపోయినట్టు ముఖం పెట్టేవాడు. ఆ ముఖం మీద ఒక మీసం ఉండేది. సామాన్యమైన మీసం కాదు. పొద్దున్నే ఆముదం రాసి, దువ్వి, కొసలు పైకి తిప్పి, అద్దంలో దానికి దండం పెట్టినంత పని చేసేవాడు. మా అమ్మ మాత్రం దానికి రోజూ శాపనార్థాలు పెట్టేది. "మజ్జిగ తాగితె సగం దానికే పోతది" అనేది.

ఎనభైల చివర అక్కకు సంబంధం కుదిరింది. పిల్లవాడు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. సంబంధం ఖాయం చేసుకునే పూలుపండ్లనాడు బావ వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు, వాళ్ళ పెద్దకొడుకు పెళ్ళికి హైదరాబాదు నుంచి జీపు నిండా పూలు తెప్పించిన వైభవం ఏకరువు పెట్టింది. మా నాయన వింటూ వింటూ మీసం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అటు వెళ్ళిందంటే ఏదో ఒక ప్రమాదం తప్పదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"చెల్లె, మేం పూలు కొనం. మా పొలంల పూసిన పువ్వే మీ పిల్లగాని మెడల పడ్తది. ఒక్క పువ్వు కొన్నట్టు తెలిస్తె, ఈ మీసం తీసి మీ చేతుల పెడ్త."

"అన్నా, సోచాయించుకొని మాట్లాడు. పెండ్లంటె గంపెడు పూలు గావాలె."

"గంపెడు గాదు, బండెడు పూస్తయి."

అందరూ భలే భలే అన్నారు. మా అమ్మ ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. కూతురి సంబంధం ఖాయమైనందుకు అనుకున్నాను అప్పుడు.

పెళ్ళి మార్గశిరంలో అనుకున్నాం. చలికాలం పెళ్ళికి మల్లెలు ఎట్లాగూ ఉండవు, ఇక చామంతే దిక్కు. నాయన ఇంటి వెనక మడిలో చామంతి పిలకలు నాటించాడు. మేకలు జొరబడకుండా మడి చుట్టూ కుసుమ వేయించాడు. కుసుమ సంగతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను: అది నూనెగింజ పంట. ఆకుకు ముళ్ళు, పువ్వు కింద తొడిమ చుట్టూ ముళ్ళు. శనగచేను చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేస్తే గొడ్డూ గోదా మూతి పెట్టవు. కంచెకు కంచె, గింజకు గింజ.

అంతా బాగానే ఉంది. బతుకమ్మ పండుగ ఇంకా రాకముందే బావ వాళ్ళ దగ్గర నుంచి కబురు వచ్చింది. మార్గశిరంలో ఫ్యాక్టరీ మిషన్లు మొత్తం విప్పి శుభ్రం చేస్తారట, పిల్లవాడికి లీవు ఇవ్వరట. తర్వాతది పుష్యం, లగ్గాలు ఉండవు. ఇక మాఘమే. మిషన్ల స్నానం కోసం మా అక్క పెళ్ళి రెండు నెలలు జరిగింది.

నాయన ఆ సాయంత్రం మడి గట్టు మీద కూర్చుని చామంతి మొక్కలతో మాట్లాడడం నేను కళ్ళారా చూశాను. "జెర ఆగుండ్రి బిడ్డా, తొందరపడకుండ్రి" అంటున్నాడు. మార్గశిరంలో పూసి పుష్యంలో రాలిపోతే మాఘంలో మీసం పోతుంది కదా మరి.

అప్పుడు నేను నోరు విప్పాను. సంగారెడ్డి కాలేజీలో డిగ్రీ, అందులో బాటనీ. రోజూ ఎర్రబస్సులో వేలాడుతూ పోయి నేర్చుకున్న చదువు. ఇంట్లో ఒక్కసారన్నా పనికిరావద్దా?

"నాయనా, చామంతి పొడుగు రాత్రుల పువ్వు. రాత్రి పెరిగితేనే చలికాలం వచ్చిందని దానికి తెలుస్తది, అప్పుడు మొగ్గ తొడుగుతది. రాత్రిపూట లైటు ఏసినమనుకో, ఇంక వానకాలమే అనుకొని ఆకులేసుకుంట కూసుంటది. కార్తీక పున్నమి దాటినంక లైటు బందు పెడ్తె మాఘానికి పూస్తది."

"అంటే చామంతిని మోసం చేసుడా?"

"గట్లనే అనుకో."

మా మేనత్త, అంటే నాయన అక్క, మా ఇంట్లోనే ఉండేది. ఆమె చెవులు మూసుకుంది. "పువ్వుల ఉసురు పోసుకుంటర్రా? పండుకున్నదాని మీద లైటేస్తె మనిషే తిడ్తడు."

నాయన మొక్కల వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. మీసం తడుముకున్నాడు. "ఏద్దాం తియ్" అన్నాడు.

కట్టెలు పాతి, వైరు లాగి, మడి పొడుగునా వంద వాట్ల బల్బులు వేలాడదీశాం. స్విచ్చి వెనక వసారాలో తిరగలి పక్కన గోడకు బిగించాం. చీకటి పడగానే వేస్తే మా పెరడు జాతరలా వెలిగిపోయేది. మా గల్లీలో అంతవరకు అంత వెలుతురు ఎవరూ ఎరగరు. వారం తిరగకముందే ఊరి వాళ్ళంతా మా చామంతి మడి గట్టుకు కాపురం మార్చారు. ఒక మూల ఆడవాళ్ళు పల్లికాయ ఒలవడం, ఒక మూల మగవాళ్ళ పత్తాలాట, అదే పేకాట. పక్కింటాయన వచ్చి తన బర్రెకు నిద్ర లేక పాలు తగ్గాయని తగువు పెట్టుకున్నాడు, పెట్టుకుని వెళ్ళకుండా పత్తాలాటలో కూర్చున్నాడు. ఆఖరి బస్సు డ్రైవరు మా వెలుతురు చూసి స్టేజీ వచ్చిందనుకుని ఆపేవాడు. దిగినవాళ్ళు మా పొలంలో దిక్కులు చూస్తుంటే మా కుక్క మొరిగేది, మా అత్త మంచినీళ్ళు ఇచ్చి దారి చూపేది.

చామంతులు మాత్రం బుద్ధిగా ఆకులు వేసుకుంటూ కూర్చున్నాయి. ఒక్క మొగ్గ లేదు. అంటే నా చదువు సరిగ్గా పనిచేసింది. ఈ సంగతి నా బంధువులు ఎవరూ చెప్పరు.

కార్తీక పున్నమి వెళ్ళింది. లైట్లు బందు అని చాటాను. గల్లీలో గొడవ లేచింది. "పూలకోసం బందు పెడ్తె మా పత్తాలేంగావాలె?" అన్నాడు బర్రె ఆసామి. నాయన వినలేదు. స్విచ్చి ఆపేశాడు. ఊరికి మళ్ళీ చీకటి, బర్రెకు మళ్ళీ నిద్ర.

ఇక ఇక్కడే వినాలి. కాలేజీ బస్సు కోసం పొద్దున్నే లేచి, మంచులో ముఖం కడుక్కోవడానికి వసారాలోకి వచ్చాను. మడి బల్బుల్లో వసారా పక్కకు వచ్చే చివరిది నా తల ఎత్తులోనే ఉంటుంది. చలికి వణుకుతూ ఎందుకో చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

రాత్రి లైటు ఎవరు వేశారని ఇంట్లో అందరినీ వరసగా అడిగాను. అక్క దుప్పటి ముసుగు తీయలేదు. అత్త, "దయ్యాలకు స్విచ్చి ఎయ్యరాదు, నాకు అందదు" అంది. నాయన తన మీసం మీద ఒట్టు వేశాడు. అమ్మ పొయ్యి ఊదుతూ తల ఎత్తకుండానే అంది: "సల్లటి చెయ్యితోని ముట్టుకుంటె అన్నీ వెచ్చగనే ఉంటయి. బస్సు పోతది, పో."

మర్నాడు చేతులు చంకలో పెట్టుకుని వెచ్చచేసుకుని మరీ వెళ్ళి ముట్టుకున్నాను. బల్బు ఇంకా వెచ్చగానే ఉంది. బల్బులన్నీ విప్పి జొన్న గుమ్మిలో దాచాను. రెండు రోజులకు చూస్తే మళ్ళీ ఎక్కడివక్కడ వేలాడుతున్నాయి. నాయనతో పోట్లాడితే, "పెండ్లికి ఎట్లయిన పెట్టాలె గద, ఉండనీయ్యె" అన్నాడు. ఆయనే ఎక్కించాడా అంటే, కాదు, ఎవరో ఎక్కించారు కనక ఉండనీ అంటాడు. ఎప్పుడు అడిగినా ఇదే జవాబు. బాటనీకి ఇంతకంటే ఏం చేతనవుతుంది?

మాఘం వచ్చింది. చామంతి మడి నడుము ఎత్తు పెరిగి పచ్చగా నిగనిగలాడుతోంది. మొగ్గలున్నాయి, శనగగింజలంత. గట్టిగా నోరు మూసుకుని ఉన్నాయి. దాని చుట్టూ మా కుసుమ కంచె మాత్రం పసుపూ నారింజా కలిసిన రంగులో కళ్ళు చెదిరేలా విరగబూసింది. పూలు పూయలేదు, కంచె పూసింది.

పెళ్ళి రేపనగా అందరం మడి ముందు నిలబడ్డాం. అమ్మ మెల్లగా అంది: "జల్దీ పటాన్‌చెరు పోయి ఒక గంప తెస్తె అయిపాయె. ఎవరికెరుక?"

"మీసానికెరుక" అన్నాడు నాయన.

కుసుమ దండ అనే ఆలోచన ఎవరిది? నాదని చెబుతారు. కాదు. మా అత్తది. "గంత పూసింది కండ్లకు కనిపిస్తలేదా? ఇది మీ పొలంల పూసిన పువ్వు గాదా?" అని అందరినీ కసిరింది ఆమెనే. ముళ్ళ సంగతి ఏమిటని నేను అడిగాను. "మంచు మీద కోస్తె మెత్తగుంటయి. కుసుమ కోత ఎప్పుడు కోస్తరే? తెల్లారగట్ల గాదా?" అంది. అది నిజమే. మంచుకు తడిసిన కుసుమ ముల్లు వెంట్రుకలా వంగిపోతుంది. అందుకే రైతులు పొద్దు పొడవకముందే కోతకు వెళ్తారు.

తెల్లవారుతూనే, పొగమంచులో, చేతులకు పాత సాక్సులు తొడుక్కుని కోశాం. గోనెసంచులు కుట్టే దబ్బనంతో గుచ్చాం. నిజం చెప్పాలి, దండలు అద్భుతంగా వచ్చాయి. సింహాల మెడల చుట్టూ ఉండే జూలులాగా ఉన్నాయి. అత్త ఒక దండ తీసి చెంపకు రాసుకుంది. "సూడు, పిల్లితోక లెక్కున్నది." మేమందరం వరసగా చెంపలకు రాసుకున్నాం. నాయన మెడలో వేసి చూశాం. ఆయన మీసం తిప్పి, మెడ అటూ ఇటూ ఆడించి, "మల్లెపూలు ఎందుకు పనికొస్తయి దీని ముందల" అన్నాడు.

తడి గోనె కప్పి ఉంచండి అని నేను చెప్పాను. ఈ మాట గుర్తుంచుకోండి. చెప్పాను. నేను అక్కకు తల దువ్వడానికి లోపలికి వెళ్ళగానే అత్త గోనె తీసేసి దండలను పందిట్లో దండెం మీద వేలాడదీసింది. "నలుగురు సూడొద్దా?" అట. మంచు విడిపోయింది. ఎండ కాసింది. ముహూర్తం మిట్టమధ్యాహ్నం.

కుసుమ కోతకు ఏ రైతూ మధ్యాహ్నం పోడు. ఎందుకు పోడో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు మా పందిట్లో ఉన్నవాళ్ళంతా రైతులే. ఒక్కరికీ గుర్తు రాలేదు.

దండలు మార్చుకునే వేళ అయింది. బావ వెనక అతని ఫ్యాక్టరీ దోస్తులు, బీహారు నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు ముగ్గురు నిలబడి "ఝుక్నా నై భాయ్, ఝుక్నా నై" అని, తల వంచొద్దని ఎగదోస్తున్నారు. బావ నిటారుగా నిలబడ్డాడు. అక్క అందుకోలేక దండను ఎత్తి విసిరింది. అది వెళ్ళి ధభాలున మెడలో పడింది.

"అమ్మా!"

మేళం ఆగిపోయింది. అయ్యగారు మాత్రం మంత్రం ఆపలేదు.

"ఏమైంది కొడకా?" బావ వాళ్ళమ్మ ముందుకు ఉరికింది.

"ఏంలె అమ్మా. కుచ్చుకుంటున్నది."

"క్యా హువా?" అన్నాడు దోస్తు.

ముల్లు గుచ్చిందని "కాంటా" అన్నాడు బావ, తల కదపకుండా.

తర్వాత బావ వంతు. అక్క మెడలో దండ వేశాడు. అక్క కిక్కురుమనలేదు. అప్పటికే కొంగును మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. చలిగా ఉందట. మిట్టమధ్యాహ్నం, ఎండలో.

వియ్యపురాలు అగ్గి మీద గుగ్గిలమైంది. "ఇదేం మర్యాదన్నా? మా పిల్లగాని మెడకు ముండ్లకంప కడ్తరా?"

నాయన తొణకలేదు. అడుగు ముందుకు వేసి, చెయ్యి అలవాటైన చోటికి పోనిచ్చాడు.

"చెల్లె, పూలుపండ్లనాడు నేనేమన్న? మా పొలంల పూసిన పువ్వే పడ్తదన్న. పడ్డదా, పడలేదా?"

"పడ్డది."

"కొన్నదా?"

"గిసొంటి దండ ఎవడమ్ముతడన్నా!"

పందిరంతా గొల్లుమంది. అనేసిన ఆమెకు కూడా నవ్వు ఆగలేదు. నాయన అందరి ముందు మీసం కొసలు రెండూ తిప్పి, "అయితె ఇది నాకే" అన్నాడు. మా అమ్మ ఒక్కతే నవ్వలేదు. అక్షింతల పళ్ళెం ఠంగుమని కింద పెట్టి లోపలికి పోయింది. బిడ్డను పంపే బాధ అన్నారు ఆడవాళ్ళు.

అప్పటికే బావ మేనమామ, గింజల వ్యాపారం చేసే ఆయన, రాలిన ఒక కుసుమ పువ్వు తీసుకుని గోటితో గిల్లి చూస్తున్నాడు. "ఇంక గింజ పట్టలే. జెర ఆగితె నూనె దిగుతుండె" అని పెదవి విరిచాడు. మిగతా తంతు అంతసేపూ బావ మెడ నిలబెట్టి, భుజాలు విరిచి, కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాడు. పెళ్ళికి వచ్చిన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు, అంత పద్ధతిగా కూర్చున్న పెళ్ళికొడుకును చూడలేదని. ఫోటోల్లో చూస్తే జెండా వందనంలో ఉన్నట్టుంటాడు.

అక్క అత్తారింటికి వెళ్ళిన కొన్నాళ్ళకు చామంతులు పూశాయి. ఒకేసారి, మడి మడంతా, పసుపు ఆరబోసినట్టు. బండెడు కాదు, రెండు బండ్లు. కానీ పూలకోసం మేం తొక్కి విరిచిన కంచెలో దారులు పడి ఉన్నాయి కదా. మేకలు వచ్చాయి. ఇష్టంగా తిన్నాయి. కంచెను మెడలో వేసుకుంటే చేనుకు ఏం మిగులుతుంది?

ఈ కథంతా నెమరు వేసుకోవడానికి కారణం ఉంది. ఆ మధ్య, అంటే రెండువేల సంవత్సరం దాటాక చాలా ఏళ్ళకు, అక్క కూతురి పెళ్ళి మార్గశిరంలో కుదిరింది. పటాన్‌చెరులో అక్క వాళ్ళింట్లో పూల డెకరేషన్ అతను ఆల్బమ్ తిప్పుతున్నాడు. "సీజన్ కదా మేడం, చామంతి చవకగా పడుతుంది" అన్నాడు.

"చామంతి వద్దే వద్దు" అంది అక్క. మరీ గబుక్కున అంది.

"ఎందుకే?" అన్నాను.

"తుమ్ములొస్తయి."

"ఎప్పటి సంది?"

"చిన్నప్పటి సంది. బతుకమ్మ పేర్చేటప్పుడు నేనెన్నడన్న చామంతి ముట్టిన్నా? తంగేడు పువ్వే గద నా వాటా."

ఆలోచిస్తే నిజమే. చామంతి బుట్ట ఎప్పుడూ నా ముందుకు తోసేది. నేను చిన్నదాన్నని ప్రేమ అనుకునేదాన్ని.

"అయితే నీ పెండ్లప్పుడు నోరు తెరిచి చెప్పకపోతివి?"

"నన్నెవరన్న అడిగిన్రా? ఆడ నాయన మీసం మీదికొచ్చె. పీటల మీద కూసొని ఫోటో ఫోటోకు తుమ్మమంటవా?"

బావ కుర్చీలో నిటారుగా కూర్చుని పేపరు చదువుతున్నాడు. "నా మెడనన్న అడగకపోతివి" అన్నాడు.

ఇన్నేళ్ళ నింద! "అక్కా! అయితే ఆ లైటు వేసింది నువ్వన్నట్టు!"

"ఒకటి రెండు దినాలు ఏసిన" అంది అక్క, ఆల్బమ్ పేజీ తిప్పుతూ. "గంతే."

"ఒకటి రెండు దినాలకు మొగ్గ ఆగదు. నేను గుమ్మిల దాచిన బల్బులు తీసి పెట్టింది?"

"నాకు ఎక్కరాదు, నీకెరుకనే గద. నేను పోయేసరికి పెట్టున్నయి. ఒకనాడైతె ఎయ్యనీకి లేచి పోతె అప్పటికే వెలుగుతున్నది. ఎవరో వేసి పోయిన్రు. నా పని వాళ్ళే చేస్తున్నరని మల్ల పోయి పండుకున్న. నేను ఇంతకాలం నువ్వే అనుకుంటున్ననే."

నేనా! 

సరే, లెక్క చూద్దాం. నేను కాదు. అక్క ఒకటి రెండు దినాలే. నాయన తన మీసానికి తానే గొయ్యి తవ్వుకోడు. అత్తకు స్విచ్చి అందదు. బర్రె ఆసామి గోడ దూకితే మా కుక్క ఊరుకోదు. ఇక ఆ ఇంట్లో మిగిలింది ఒక్కరే. అందరికంటే ముందు లేచేది, గుమ్మిలోంచి రోజూ జొన్నలు తీసేది, గంప పూలు కొనుక్కొద్దామన్నది, పందిట్లో నవ్వనిది.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు సూటిగా అడిగాను. నాయన పక్కనే మంచం మీద కూర్చుని, తెల్లబడిన మీసానికి ఆముదం రాస్తున్నాడు. అమ్మ ఆ మీసం వైపు ఒకసారి చూసింది. "చెవులు ఇనొస్తలేవు బిడ్డా" అంది. బయట మేక గొంతు సవరించుకున్నా వినబడే మనిషి.

పోనీ, మీరన్నా చెప్పండి. మిగతా రోజులన్నీ ఆ లైటు ఎవరు వేసినట్టు?